ఎలుకలు చేసిన త్యాగం

ముందుగా నా తప్పు

ఈ ప్రయాణానికి కారణం నా బుర్రతక్కువతనం. దాన్ని దాచిపెడితే నేను ఇంత దూరం ఎందుకు వెళ్ళానో మీకు అర్థం కాదు. అందుకని మొదటే ఒప్పేసుకుంటున్నాను.

నేను టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఇతరుల తప్పులు పట్టుకోవడానికి నాకు జీతం ఇస్తారు. నా తప్పులు పట్టుకునే పని మా ఆవిడ శారద ఉచితంగా చేస్తుంది. శనివారాలు ఖాళీగా ఉంటే మా తెలుగు సంఘం పత్రికకు 'మందూ మాకూ' అనే శీర్షిక రాస్తుంటాను. కొత్త వైద్య పరిశోధనల సంగతులు, ముఖ్యంగా ఆకుల్లోంచీ వేళ్ళలోంచీ తీసే పదార్థాల సంగతులు, తెలుగులో పెడతాను. నాకున్న అర్హత ఏమిటంటారా? 'నేచురల్ కాంపౌండ్' అన్న మాట మొదటిసారి చూసి, దానంతట అది మొలిచిన ప్రహరీ గోడ కాబోలనుకున్నాను. అక్కణ్ణించి చాలా ఎదిగాను.

వినాయక చవితి సంచికకు ఏం రాయాలా అని వెతుకుతుంటే మారేడు ఆకులోని ఒక పదార్థం గురించి వార్త దొరికింది. దానివల్ల రక్తంలో చక్కెర తగ్గిందట. పూజలో వాడే ఇరవై ఒక్క పత్రుల్లో మారేడు ఒకటి కదా, సంచికకు అతికినట్టు కుదిరింది. ఒక్కటే చిక్కు. తగ్గింది ఎలుకల్లో. చివర్లో ఆ ఎలుకలను 'శాక్రిఫైస్' చేశారని ఉంది. ప్రయోగశాలల్లో చంపడానికి ఆ మాట వాడతారు. నేను నిజాయితీగా 'ఎలుకలను బలి ఇచ్చారు' అని రాసి పంపాను.

పత్రిక సంపాదకులు, సంఘ అధ్యక్షులు, ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు, ఈ ముగ్గురూ ఒక్కరే. పేరు విశ్వపతిగారు. పావుగంటలో ఫోన్ చేశారు.

"ఏమయ్యా రామం, వినాయక చవితి సంచికలో వినాయకుడి వాహనాన్ని బలి ఇస్తావా? అడ్వర్టయిజ్‌మెంట్లిచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఎలుకలేనండీ అవి..."

"అదే నేనూ అంటున్నాను. ఎలుక అన్న మాట ఎక్కడా కనపడకూడదు. ఆ బలి తీసెయ్. శుభమా అని పండగ!"

వ్యాసంలో పదకొండు చోట్ల ఎలుకలున్నాయి. పదకొండింటినీ తీసేసి 'పాల్గొన్నవారు' అని పెట్టాను. శాక్రిఫైస్‌కి ఇంకో అర్థం ఉంది కదా, దాన్ని వాడుకున్నాను. చివరి వాక్యం ఇలా అచ్చయింది: 'పాల్గొన్నవారందరిలోనూ చక్కెర తగ్గింది. అధ్యయనం చివర వారందరూ త్యాగం చేశారు.'

విశ్వపతిగారు మెచ్చుకున్నారు. "ఇదీ తెలుగంటే!" అన్నారు.

రెండు నెలల తరువాత అరిజోనాలోని చాండ్లర్ నుంచి ఇందిర ఫోన్ చేసింది. నా ఇంజినీరింగ్ సహపాఠి పాపారావు భార్య. పాపారావు అక్కడ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. పదేళ్ళుగా షుగరు.

"అన్నయ్యగారూ, మీరు రాసింది చదివి ఈయన మాత్రలు మానేశారు. పొద్దునా సాయంత్రం మారేడు కషాయం. కాలి బొటనవేలికి దెబ్బ తగిలి మూడు వారాలైంది. మానలేదు. నల్లబడుతోంది. డాక్టర్ దగ్గరికి రమ్మంటే రారు."

మానాల్సింది మానలేదు, మానకూడనివి మానేశాడు. మరోసారైతే ఈ మాటకు నేనే మురిసిపోయేవాణ్ణి. ఆరోజు నవ్వు రాలేదు. వెంటనే పాపారావుకు ఫోన్ చేసి, అది ఎలుకల సంగతిరా అన్నాను.

"ఒరే రామం, అచ్చులో మనుషులని రాశావు, ఫోన్లో ఎలుకలంటున్నావు. ఏది అబద్ధం?"

"అచ్చులోదే."

"అచ్చులో అబద్ధం రాసేవాడు ఫోన్లో నిజం చెప్తాడని ఏమిటి గ్యారంటీ?" అని పెట్టేశాడు.

అతనికి రుజువు కావాలి. ఆ పరిశోధన జరిగిన ప్రయోగశాల న్యూ మెక్సికోలో ఒక యూనివర్సిటీ ఊళ్ళో, సరిగ్గా చాండ్లర్ వెళ్ళే దారిలో ఉంది. వాళ్ళకు మెయిల్ రాస్తే, రమ్మని జవాబొచ్చింది. శారద కారులో పులిహోర, కరివేపాకు కారం, మంచినీళ్ళు పెట్టి, "మందు మాకు, తిప్పలు వాళ్ళకు! శీర్షిక పేరు భలే పెట్టారు," అని సాగనంపింది.

మొదటి రోజు: పడమటి టెక్సాస్

మీలో విమానాల్లోనే తిరిగేవాళ్ళకు చెబుతున్నాను. టెక్సాస్ చాలా పొడుగు. పొద్దున్న బయల్దేరి పొద్దుపోయేదాకా నడిపినా ఇంకా టెక్సాసే. అబిలీన్ దాటాక గాలిమరలు, మిడ్‌లాండ్ దగ్గర చమురు తోడే యంత్రాలు. ఆ యంత్రాలు రోజంతా తలలూపుతూనే ఉంటాయి. మా సంఘం కార్యవర్గ సమావేశం గుర్తొచ్చింది.

మధ్యాహ్నం రోడ్డుపక్క ఒక చిన్న హోటల్లో ఆగాను. వడ్డించే ఆవిడ పేరు డోనా, అరవై దాటి ఉంటాయి. గుడ్డూ బంగాళాదుంపా పదకొండు డాలర్లు. కాఫీ మాత్రం అడగకుండానే పోస్తూ ఉంటుంది. మన దగ్గర నెయ్యి వడ్డించినట్టు, చెయ్యి అడ్డం పెడితే తప్ప ఆగదు.

"ఎంత దూరం పోతున్నావు నాయనా?" అంది. 'హన్' అని ముద్దుగా పిలిచింది లెండి, దాన్ని నేను నాయనా అనుకున్నాను.

"అరిజోనా. స్నేహితుడు షుగరు మాత్రలు మానేశాడు. ఆకు కషాయం తాగుతున్నాడు."

డోనా కాఫీ కూజా బల్లమీద పెట్టేసింది. "మా ఆయన దాల్చినచెక్క! కాఫీలో గరిటెడు పోసుకుని తాగేవాడు. మా ఆయన కజిన్ ఎక్కడో చదివాడట."

"తగ్గిందా?"

"కాఫీ తగ్గింది. అంత దాల్చినచెక్క పడితే ఎవడు తాగుతాడు? నేను మాత్రలు మఫిన్‌లో దాచి పెట్టేదాన్ని, మా కుక్కకు పెట్టినట్టు." తరువాత నా వైపు చూసి అడిగింది. "నీ స్నేహితుడికి ఆ ఆకు సంగతి ఎవరు చెప్పారు?"

నేను దుంపలు నములుతూ కొంత సమయం తీసుకున్నాను. "అతని కజిన్," అన్నాను.

అదీ నా ధైర్యం. డోనాకు మాత్రం మామూలుకన్నా ఎక్కువ టిప్పు పెట్టి వచ్చాను.

రెండో రోజు: ఆకు లేని ఆకుమందు

న్యూ మెక్సికోలో మీరేం తినబోయినా ఒకటే ప్రశ్న వేస్తారు, ఎరుపా పచ్చా అని. మిరపకాయ పచ్చడి సంగతి. రెండూ కావాలంటే 'క్రిస్మస్' అనాలట. మా గుంటూరు జిల్లావాడికి ఈ ప్రశ్న కన్నతల్లి పలకరింపులా ఉంటుంది. పచ్చది తిన్నాను. కారం ఉంది కానీ పౌరుషం లేదు. శారద పెట్టిన కరివేపాకు కారం కొంచెం కలిపాక సరిపోయింది. పక్క బల్ల ఆయన వాసన చూసి అడిగి మరీ వేయించుకున్నాడు, ఆపైన రెండు గ్లాసుల నీళ్ళు అడిగి మరీ పోయించుకున్నాడు.

ప్రయోగశాలలో నాకోసం ఎదురుచూస్తున్న అమ్మాయి పేరు శిరీష. ఖమ్మం నుంచి వచ్చి మాస్టర్స్ చేస్తోంది. ప్రొఫెసరు ఊళ్ళో లేరట. ఎలుకలకు దాణా వేసేదీ, బరువు తూచేదీ, రాసేదీ తనే.

"మీరేనా అంకుల్ ఆ 'మందూ మాకూ' రాసింది?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, మా అమ్మ నాకు ఫార్వర్డ్ చేసింది గద! 'బిడ్డా, నువ్వు గూడ రోజు తాగు' అని."

"మీ ల్యాబు పనేనని చెప్పలేదా అమ్మకు?"

"చెప్పిన. నమ్మలే. 'నువ్వు చదువుకునే పిల్లవు, నీకేం ఎరుక? గాయన పేపర్ల రాసిండు' అన్నది."

నా వ్యాసం ఖమ్మం దాకా పోయి, ఆ పరిశోధన చేసిన అమ్మాయికే తిరిగి పాఠం చెప్పిందన్నమాట. ఒక రచయితకు ఇంతకంటే కీర్తి ఏముంటుంది? తలుపు ఎటుందో చూసుకున్నాను.

"ఆకులెక్కడున్నాయమ్మా?" అన్నాను, మాట మార్చడానికి.

"ఏ ఆకులు?"

"మారేడు ఆకులు."

"నేను ఇంతవరకు ఒక్క ఆకు చూడలే అంకుల్." ఫ్రీజరు తెరిచి వేలెడంత సీసా చూపించింది. అడుగున చిటికెడు తెల్లపొడి. "కంపెనీకి ఆర్డర్ పెడితే డబ్బాల ఒస్తది. గిది ప్యూర్ కాంపౌండ్. ఎలుకంత ఎలుకకే ఇంత ఇస్తం. మీ దోస్తు ఆకులు ఉడకబెట్టి ఇంత లోపల పడాలంటే కషాయం తాగుడు గాదు, చెట్టుకు చెట్టు మింగాలె."

"మరి మనుషుల్లో ఎప్పుడు పనిచేస్తుంది?"

"చేస్తదో చెయ్యదో ఎవరికి తెలుసు? ఎలుకలల్ల మంచిగ అనిపించినయి మనుషులకొచ్చేసరికి శానా మట్టుకు ఆగిపోతయి. అందుకే పేపర్ల మేము 'మే' అని రాసినం. తగ్గించ'వచ్చు' అని. యూనివర్సిటీ ప్రెస్ నోట్ల అది 'ఆశాజనకం' అయింది. మీ దగ్గరికొచ్చేసరికి?"

"తగ్గింది అయింది," అన్నాను. ఆ 'మే'ని ఎండాకాలంతోపాటే వదిలేశానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

తెల్లకోటు తొడిగించి ఎలుకల గది అద్దంలోంచి చూపించింది. పారదర్శకమైన పెట్టెలు, పెట్టెకో కార్డు. కొన్నింటి కార్డు మీద 'వెహికిల్' అని ఉంది. అదేమిటని అడిగాను.

"సగం ఎలుకలకు మందు ఇయ్యం అంకుల్. మందును ఏ నీళ్ళల్ల కలుపుతమో గా నీళ్ళు ఉత్తయి ఇస్తం, తేడా చూసెటందుకు. గా నీళ్ళను 'వెహికిల్' అంటరు."

వినాయకుడి వాహనానికి వాహనం! నేను అద్దం పట్టుకుని నవ్వుతూ ఉండిపోయాను. ఆ అమ్మాయికి వివరించి చెబితే తనూ నవ్వింది. తరువాత నవ్వాపి, "గివన్నీ కొత్తయి అంకుల్. మీరు రాసిన బ్యాచ్ అయిపోయింది," అంది.

"అయిపోయిందంటే?"

"శాక్రిఫైస్ చేసినం గద. లివర్, ప్యాంక్రియాస్ కోసి చూడాలె." పాత కార్డులన్నీ దాచిపెట్టిన పెట్టె వైపు చూసింది. "నాకు మొదటిసారి రెండు రోజులు అన్నం లోపలికి పోలే."

అచ్చులో నేను చెరిపేసిన ఎలుకల కోసం ఈ అమ్మాయి రెండు రోజులు అన్నం మానుకుంది. నేను మాత్రం విశ్వపతిగారి మెప్పు తిని సుఖంగా నిద్రపోయాను.

సాయంత్రం చాండ్లర్ నుంచి వీడియో కాల్ చేస్తే మాట్లాడతానని మాటిచ్చింది. నేను బయల్దేరుతుంటే, "అంకుల్, మా అమ్మతోని గూడ ఒక్కసారి మాట్లాడుండ్రి. మీ మాటయితే వింటది," అంది. అక్కడే కారు పక్కన నిలబడి ఖమ్మానికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. అక్కడ రాత్రి పదకొండు దాటింది. ఆవిడ ఓపిగ్గా విని, "సరే గానీ సార్, మోకాళ్ళ నొప్పులకు ఏమన్న రాసిండ్రా?" అని అడిగింది.

అదే రోజు: తుమ్మిన కుక్క

ఊరు దాటాక, మెక్సికో దగ్గర కాబట్టి, సరిహద్దు పోలీసుల తనిఖీ ఉంది. ఆఫీసరు కుర్రవాడే, మర్యాదగా ఉన్నాడు. ముందు సీట్లో ఉన్న సీసా చూసి, "ఆ పొడి ఏమిటి?" అన్నాడు.

కరివేపాకు కారం అనాలి. రెండు రోజులుగా నోట్లో ఇంకో మాట నానుతోంది మరి, "నేచురల్ కాంపౌండ్," అన్నాను.

సరిహద్దు పోలీసుతో చెప్పకూడని మాటల్లో అది ముందు వరసలో ఉంటుందని అతని ముఖం చూశాక తెలిసింది. పక్కకు ఆపమన్నాడు. కుక్కను తెచ్చారు. కుక్క సీసా దగ్గర ముక్కు పెట్టి, గట్టిగా పీల్చి, ఒక్క తుమ్ము తుమ్మింది. ఆపైన నా వైపు చూసిన చూపు ఉందే, హోటల్లో పక్క బల్ల ఆయన చూపూ ఇదే.

"ఇక వెళ్ళవచ్చు సార్," అన్నాడు ఆఫీసరు.

ఎలా వెళ్ళను? బయల్దేరబోతుంటే ఎదురుగా తుమ్మింది కదా! చదువుకున్నవాణ్ణే, శాస్త్రం గురించి శీర్షికలు రాసేవాణ్ణే, అయినా చెయ్యి తాళం తిప్పలేదు. కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగాను.

"సార్, వెళ్ళవచ్చన్నాను."

"ఒక్క నిమిషం."

"ఎందుకు?"

"మీ కుక్క తుమ్మింది," అన్నాను.

మళ్ళీ కారంతా వెతికారు. పులిహోర డబ్బా కూడా తెరిచి చూశారు. ఒక గంట పోయింది. శకునం ఫలించిందో, శకునాన్ని నమ్మి ఆగినందుకే ఫలించిందో, తేల్చాలంటే వెహికిల్ ఇచ్చిన ఎలుకలాగా, తుమ్ము వినని వాడు ఇంకొకడు కావాలి.

చాండ్లర్: ఎవరు ఏం వదిలేశారు

పాపారావు పెరట్లో పెద్ద కుండీలో మారేడు మొక్క, పక్కన కుర్చీలో ఎడమకాలు పైకి పెట్టుకుని పాపారావు. బొటనవేలికి కట్టు. ఇందిర నాకు కాఫీ ఇచ్చింది, అతనికి స్టీలు గ్లాసులో కషాయం. ఆ ఆకులు చాలక షాపునుంచి పొడి కూడా తెస్తున్నాడట, సీసా ఇరవై నాలుగు డాలర్లు. మా ఊళ్ళో గుడి ముందు ఊరికే రాలిపోయే సరుకు.

అతను లాప్‌టాప్ తిప్పి చూపించాడు. రోజుకెన్ని ఆకులు, ఏ వేడిలో ఎన్ని నిమిషాలు, అన్నీ గ్రాఫులు. చిప్పులు చేసే చోట పనిచేసే మనిషి కదా.

"ఇందులో షుగరు ఏదిరా?"

"చూసుకోలేదు."

"ఎందుకు?"

"చూసుకుంటే బయాస్ వస్తుంది."

ఇందిర లోపలికి వెళ్ళబోతూ ఆగింది. "పదేళ్ళ నుంచి నేను చెప్తే వినరు అన్నయ్యగారూ. కాయితం మీద ఎవరో అంటే చాలు!"

"ఎవరో కాదు, రామం," అన్నాడు పాపారావు. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే గుచ్చుకుంది. కాలేజీలో వాడు నా నోట్సు చూసి పరీక్షలు రాసేవాడు.

"సరే, ఆకు తాగితే తాగావు. మాత్రలెందుకు మానేశావు? మానమని నేను రాయలేదే."

"రాశావు. 'చివర వారందరూ త్యాగం చేశారు' అన్నావు. ఏం త్యాగం చేశారో చెప్పలేదు. రెండు రోజులు ఆలోచించాను. కాశీ వెళ్తే ఏదో ఒకటి వదిలేస్తారు కదా? మా నాన్న కాకరకాయ వదిలేశాడు, ఆయనకు ఎలాగూ పడదు. షుగరు తగ్గినవాళ్ళు ఏం వదిలేస్తారు? మాత్రలే కదా! నాకూ అవి ఎలాగూ పడవు."

నా ఒక్క మాటకు ఇంత వ్యాఖ్యానం ఉంటుందని నేను ఊహించలేదు.  ఫోన్ తీసి శిరీషకు కాల్ చేసి అతని చేతికిచ్చాను.

"నమస్తే అంకుల్," అంది శిరీష, తెల్లకోటులో.

"అమ్మా, మీ అధ్యయనంలో పాల్గొన్నవాళ్ళు ఎవరు?"

"ఎలుకలంకుల్." పెట్టె ఒకటి ఫోన్‌కు దగ్గరగా చూపించింది. లోపలిది మీసాలాడించింది.

పాపారావు నా వైపు ఒకసారి చూసి మళ్ళీ ఫోన్ వైపు తిరిగాడు. "సరే, ఎలుకలే అనుకో. చక్కెర తగ్గింది కదా? ఇప్పుడెలా ఉన్నాయి?"

"లేవు అంకుల్."

"లేవంటే? వదిలేశారా?"

"శాక్రిఫైస్ చేసినం."

"అదే, ఏం త్యాగం చేశాయి?"

"పానాలు, అంకుల్."

 పాపారావు కాలు కుర్చీ మీంచి దించాడు. "అన్నీనా?"

"అన్నీ."

"మందు తాగని ఎలుకలు కూడానా?"

"అవ్ అంకుల్. అన్నిటినీ కోసి చూడాలె గద."

పాపారావు స్టీలు గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. కషాయాన్ని నిదానంగా మారేడు కుండీలోనే పోసేశాడు. మొక్క రసం మొక్కకే. ఆపైన కుంటుకుంటూ లోపలికి వెళ్ళాడు. మందుల డబ్బా మూత చప్పుడు వినిపించింది. ఇందిర వంటింట్లో పంపు తిప్పి, నీళ్ళు కారుతుండగానే మొహం అటు తిప్పుకుని నిలబడింది.

మరుసటి రోజు ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఇంకో వారం ఆలస్యమైతే వేలు తీయాల్సివచ్చేదేమో, ఇప్పుడు గోటితో పోయింది అన్నాడాయన. ఆకులు కూడా కొన్నిసార్లు మాత్రలతో తగవులాడతాయి, ఏం తాగినా నాకు ముందు చెప్పాలి అని కూడా అన్నాడు. చివర్లో, మాత్రలు ఎవరు మానమన్నారని అడిగాడు. పాపారావు నన్ను చూపించాడు.

"మీరు డాక్టరా?"

"టెస్టర్ని."

"ఏం టెస్ట్ చేశారు?"

"నా స్నేహితుణ్ణి," అన్నాను.

మళ్ళీ ఇర్వింగ్

వచ్చీరాగానే విశ్వపతిగారికి సవరణ పంపాను. ఎలుకలూ, బలీ, మాత్రలు మానవద్దన్న మాటా, అన్నీ విడమరిచి అరపేజీ. ఆయన చదివి నిట్టూర్చారు. "ఇవన్నీ వేస్తే సంఘం పరువేం కావాలి? లాస్ట్ పేజీలో బియ్యం ప్రకటన కింద ఒక్క లైను వేస్తాను. అక్కడ ఎవరూ చదవరులే."

అన్నట్టే చేశారు. చదవరన్న మాట కూడా నిజమే అయింది. అరపేజీని నేనే వాట్సాప్ గుంపులన్నిటికీ పంపుకున్నాను. వ్యాసం వెళ్ళినంత దూరం అది వెళ్ళలేదు.

పది రోజుల తరువాత విశ్వపతిగారే ఫోన్ చేశారు. సంవత్సరాంత సంచికకు సంఘం వార్షిక నివేదిక ఆయనే రాశారట, అచ్చుతప్పులు చూసిపెట్టమన్నారు. ఏడు పేజీలు, తొమ్మిది ఫొటోలు, తొమ్మిదింటిలోనూ ఆయనే. చివరి వాక్యం: 'అధ్యక్షుల నాయకత్వంలో ఈ ఏడాది పాల్గొన్నవారందరిలోనూ సంతోషం పెరిగింది.'

నేను శ్రద్ధగా చూశాను. రెండు ఒత్తులు, ఒక దీర్ఘం సరిచేశాను. ఒక్క అక్షరం తీసేయలేదు. చివరి వాక్యం పక్కన మాత్రం ఒక చిన్న చుక్కగుర్తు పెట్టి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక చేర్చాను. ఆయన తన ఫొటోలు తప్ప ఏదీ రెండోసారి చూడరు. అలాగే అచ్చుకు వెళ్ళింది, అలాగే వెయ్యి ఇళ్ళకూ చేరింది. పాపారావు చాండ్లర్ నుంచి ఫోన్ చేసి, నవ్వాపుకుంటూ, నాకే చదివి వినిపించాడు:

'ఈ ఫలితం ఎలుకల్లో మాత్రమే కనిపించింది. చివర అవన్నీ త్యాగం చేశాయి.'